మూల కోసిన కంబళ్లు

మదనపల్లె,
4 ఫిబ్రవరి 2001, ఆదివారం.

అత్తా,

ఈ రోజు పళ్లు తోముకోకముందే ఒక ఆశ్చర్యం. హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ నా పేరు పిలిచి పసుపు కాగితాల కట్ట ఒకటి చేతిలో పెట్టాడు. పై కాగితం చూస్తే నేను రాసిన మాటలు, అచ్చులో. అక్కడే నిలబడి నాలుగుసార్లు చదువుకున్నాను. నా మాటలే నాకు కొత్తగా ఉన్నాయి.

అసలు సంగతి చెబుతాను. గుజరాత్‌లో భూకంపం వచ్చిన మూడో రోజే నేను దాని మీద ఒక పేజీ రాస్తే మా తెలుగు మేడమ్ కాలేజీ నోటీసు బోర్డులో పెట్టించింది. మర్నాడు గేటు బయట భానుప్రకాశ్ అని ఒకాయన నన్ను అడిగి మరీ కలిశాడు. తెల్ల చొక్కా, మెడలో కార్డు, వెనక జీపు. జీపుకు ‘భూకంప బాధితుల సహాయ సమితి’ అని పసుపు బ్యానర్. “అమ్మా, మేము పల్లెపల్లే తిరిగి కంబళ్లు, బట్టలు పోగుచేస్తాండాము. మైకులో చెప్పేదానికి మాకు మాటలు రావు. నువ్వు రాసిస్తే సదువుతాము” అన్నాడు.

రెండు రోజులు కూర్చుని రాశాను అత్తా. రోదన, విలాపం, ఆక్రందన, ఈ మూడింటిలో దేనికి బరువు ఎక్కువో అని నిఘంటువు పట్టుకుని అరగంట ఆలోచించాను. నా గదిలో ఉండే కుప్పం పిల్ల నీరజ, “మూడూ కొట్టేసి ఏడుపు అని రాయి” అంది. నేను వినలేదు, ఆక్రందన అనే రాశాను. చివరి వాక్యాలు మాత్రం దానికీ నచ్చాయి. ఇవీ అవి: ‘ఇల్లు కూలినవారికి ఆకాశమే కప్పు. ఆ కప్పు చలిని ఆపదు. మీ ఇంట్లో మడతపెట్టి ఉన్న ఒక్క కంబళి, అక్కడ ఒక బిడ్డకు ఇల్లవుతుంది.’

వాళ్లు వచ్చే వారం పుంగనూరు వైపు వస్తారు. మన పల్లెకు వెళ్లమనీ, అక్కడ మా అత్త మునిరత్నమ్మ ఉందనీ నేనే చెప్పాను. మంచివాళ్లు. మామను కూడా అడిగానని చెప్పు.

అచ్చులో పడిన నీ మేనకోడలు,
యమున

* * *

పుంగనూరు,
10-2-2001.

అమ్మణ్ణికి,

నువ్వు రాసినట్ల రాసేది నాకు రాదు. నేను మాట్లాడేది మాట్లాడినట్లే రాస్తాండాను, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

నీ జీపు గురువారం పొద్దున్నే వచ్చినాది. అప్పుడు అందురూ పాల కేంద్రం కాడ క్యాన్లు పెట్టుకోని ఉండారు. వాడు మైకు తీసినాడు. నేను పొయ్యి, “అప్పా, ఆ కాగితం రాసింది మా పిల్ల, నేను సదువుతా ఉండు” అని ఆ కాగితం గుంజుకున్నా. మైకు కూడా నాకే ఇచ్చినాడు. ఆ ఆక్రందన కాడ నా నోరు తిరగలేదు. ఏడుపు అని సదివేసినా. నువ్వేమీ అనుకోవద్దు.

ఆకాశమే కప్పు అనే కాడికి వచ్చేసరికి పాలు పోసేవాళ్లు పొయ్యడం నిలిపేసినారు. మీ మామ గంగులయ్య సంగతి నీకు తెలుసు కదా, సొంత పెండ్లిలో కూడా నగని మనిషి. ఆయన తువ్వాలుతో మొగం తుడుసుకున్నాడు. “దుమ్ము పడినాది” అంటాడు. పాల కేంద్రంలో దుమ్ము యాడిది?

ముప్పై రెండు కంబళ్లు ఇచ్చినాము. మన పద్ధతి ప్రకారం చెయ్యాల్సింది చేసే ఇచ్చినాము. రంగనాయకమ్మవ్వ తెలుసు కదా, తూర్పు ఈదిలో ఒంటిగా ఉండే ముసిలామె. ఆమెకు ఉండేది ఒకటే కంబడి. అది తెచ్చి జీపులో పెట్టేసినాది. “నీకేముండాదవ్వా కప్పుకునేదానికి” అంటే, “నాకు కప్పు ఉండాది కదే, ఆ బిడ్డకు లేదంటనే” అనింది. మీ భానుప్రకాశ్ ఆమె కాళ్లకు మొక్కినాడు. మజ్జిగ రెండు చెంబులు తాగినాడు. అవ్వ కంబడి యే బిడ్డకు ఇచ్చినారో పేరు రాసి పంపిస్తామని చెప్పిపొయినాడు. ఆమె అప్పుడే రోజుకొకసారి వచ్చి, “జాబు వచ్చినాదా” అని అడుగుతాండాది. గుజరాత్ నుంచి జాబు వచ్చేదానికి ఎన్ని దినాలు పడతాదో కనుక్కోని రాయి.

ఊర్లో ఇప్పుడు నన్ను మునిరత్నమ్మ అనేది మానేసి యమున వాళ్లత్త అంటాండారు.

బాగా తిను. ఇట్లు,
మీ అత్త

* * *

మదనపల్లె,
19 ఫిబ్రవరి 2001, సోమవారం.

అత్తా,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు తిట్టుకోకు. స్లిప్ టెస్టులు జరుగుతున్నాయి.

ఒక చిన్న విషయం తేల్చుకోవాలి. మీరు ఇచ్చిన కంబళ్లు ఎలా ఉంటాయో కొంచెం వివరంగా రాయగలవా? అన్నీ నల్లవేనా, తెల్ల చారలు ఉన్నవి ఉన్నాయా? నేత ముతకగా ఉంటుందా? పాతవెన్ని, కొత్తవెన్ని? సెలవుల్లో వచ్చినప్పుడు నేను కప్పుకున్న కంబళికి ఒక మూలన ఎర్ర దారం ముడి ఉండేది గుర్తు. అలాంటి ముడి అన్నిటికీ ఉంటుందా?

ఎందుకని ఇప్పుడు అడగొద్దు. తెలిశాక నేనే రాస్తాను. రంగనాయకమ్మవ్వకు జాబు సంగతి ఏమీ చెప్పకు.

తొందరగా రాయి.
యమున

* * *

పుంగనూరు,
23-2-2001, శుక్రవారం.

యమునకు,

నీ జాబు మీ మామ సదివినాడు, నేను సదివినాను. ముతకగా ఉంటాయా అని అడిగినావే, ఆడ ఎవురన్నా గుచ్చుకుంటాండాదని చెప్పినారా? వాపసు పంపినారా? ఉంటే నేరుగా రాయి. పాతవెన్ని అంట. మేము సంచుల కింద దాచిపెట్టినవి ఇయ్యలేదు. మా గొర్రెల బొచ్చు, మేము కత్తిరించింది, మేము వడికింది, నేసేవాళ్ల కాడ నెలా రెండు నెలలు కాచుకోని తెచ్చుకున్నది. గుచ్చుకునేది నాలుగు దినాలే, ఆ తరవాత వానకీ చలికీ దాన్ని మించింది లేదు. మైసూరు నుంచి వచ్చే మెత్తటి దుప్పట్లు కావాలంటే, ఆ మాట నువ్వు కాగితంలోనే రాయాల్సింది.

నీ కాగితం సదివి ఏడ్సినవాళ్లని ఇప్పుడు లెక్కడుగుతాండావు. పట్నంలో సదువుకునే పిల్లకు మా సరుకు నామోషీ అయినాది అనుకున్నా.

గుర్తు ముడి అన్నిటికీ ఉంటాది. ఇంటికొక రంగు దారం. చేను కావిలి కాడ, పెండ్లిండ్ల కాడ ఒకరిది ఒకరు తీసకపోకుండా. చాలునా?

అవ్వకు దగ్గు పట్టుకునింది. గోనె సంచి కప్పుకోని పడుకుంటాండాది. మాది ఒకటి ఇస్తానంటే తీసుకోలేదు. “నేనిచ్చింది తక్కువైపోతాది పోవే” అంటాది. ఇదీ ఈడ సంగతి.

మునిరత్నమ్మ

* * *

మదనపల్లె,
26 ఫిబ్రవరి 2001, సోమవారం.

అత్తా,

నన్ను తిట్టు, కానీ ఆ తిట్టు కాదు. మీ కంబళ్లను ఎవరూ వాపసు పంపలేదు. వాపసు పంపడానికి అవి గుజరాత్ వెళ్లనే లేదు.

నీ మొదటి ఉత్తరం వచ్చాక నీరజ ఆదివారానికి కుప్పం వెళ్లింది. వాళ్ల నాన్న గోవిందప్పకు అక్కడ సంత పక్కన టీ అంగడి ఉంది. అంగడి ఎదురుగా ఒక వ్యాపారి ఉన్ని కంబళ్లు కుప్ప పోసి అమ్ముతున్నాడట. దుమ్ము పడకుండా కుప్ప మీద ఒక పసుపు గుడ్డ కప్పాడు. గాలికి అది లేస్తే నీరజ చదివింది: ‘భూకంప బాధితుల సహాయ సమితి’. దాంట్లో ‘సహాయ’ అన్న చోట రాళ్లు పెట్టి ఉన్నాయట. పక్కన వేరుశనక్కాయలమ్మే ఆమె కాయలు పొట్లం కట్టి ఇస్తే ఆ కాగితం నీరజ నాకు తెచ్చింది. అది నా కాగితం. ‘ఒక బిడ్డకు ఇల్లవుతుంది’ అన్న మాట మీద ఉప్పు అంటుకుని ఉంది.

నేను నమ్మలేదు. ఖాయం చేసుకోకుండా నీకు రాస్తే నీ గుండె ఆగిపోతుందని ఆ తిక్క ప్రశ్నలన్నీ వేశాను. ఆ లోపల నేనూ నీరజా కాగితం మీద ఉన్న చిరునామాకు వెళ్లాం. అది సైకిళ్లు బాగుచేసే అంగడి. ఫోన్ నంబరు ఒక ఎస్టీడీ బూత్‌ది. ఆ బూత్ ఆయన, “మీరు పదో వాళ్లు, పాపా” అన్నాడు. పది మంది వెతుకుతున్నారంటే ఇంకెన్ని పల్లెలు ఇచ్చాయో చూడు.

భూమి కదలడం ఎవరి తప్పూ కాదు. మనుషులు ఇళ్ల కింద పడి ఉంటే, ఆ వార్త విని ఇది మంచి అదను అని జీపు కడిగించుకున్న వాడిని ఏమనాలి? నిఘంటువులో వెతికాను అత్తా. వంచకుడు, ధూర్తుడు, దుష్టుడు అన్నీ ఉన్నాయి, ఏదీ సరిపోలేదు. వాడు అవ్వ కాళ్లకు మొక్కాడు. ఆ చేతులతోనే ఆమె కంబళి జీపులోకి తోశాడు. వాడికి మాటలు రావన్నాడు, నేను ఇచ్చాను. ఊరు తెలియదన్నాడు, నీ పేరు చెప్పి మరీ పంపాను. రాత బాగుందని ఒక్క మాట అన్నందుకు వాడి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు నేను.

గోవిందప్ప మామ వ్యాపారిని నిలదీశాడు. “నేసేవాళ్ల కాడ కొనింది. నీ సరుకని రుజువేముండాది?” అన్నాడట. స్టేషన్‌లో అడిగితే, పోగొట్టుకున్నవాళ్లు వచ్చి ఆనవాలు చూపించి ఫిర్యాదు రాసివ్వాలన్నారు. న్యాయమే. కానీ ఏ ఆనవాలు? నీరజ పనిగట్టుకుని చూసింది. ప్రతి కంబళికీ ఒక మూల కోసేసి ఉంది. ఆ దొంగలు మన గుర్తు ముడులు కోసేశారు. అంత తెలివి.

నీకు ముఖం చూపించలేని,
యమున

* * *

పుంగనూరు,
1-3-2001.

అమ్మణ్ణీ,

నీ జాబు దొడ్డి కాడ నిలబడి సదివినా. రెండో తూరి సదివేదానికి కూసోవాల్సి వచ్చినాది.

ఆ మూలలు దొంగలు కోసింది కాదు. మేమే కోసినాము.

నువ్వు సెలవులకు వచ్చిపొయ్యే పిల్లవి, నీకు తెలవదు. కంబడి ఒకరికి ఇచ్చేటప్పుడు మన గుర్తు ముడి ఉన్న మూల కొడవలితో కోసి ఇయ్యాల. ముడి ఉంటే అది ఇంకా మనదే. కోస్తేనే ఇచ్చినట్టు. కోసిన ముడులు పారెయ్యకూడదు. ఒక దారానికి గుచ్చి గొర్రెల దొడ్డి వాకిలికి కట్టాల. వానలకు అవే నాని రాలిపోతాయి. అప్పుడికి ఇచ్చిన సంగతి మనమూ మర్సిపోవాల. ముప్పై రెండు ముడులూ ఇప్పుడు నా తలకాయ మీదే ఆడతాండాయి. నేసిన మూలతో కలిపి కోసింది కాబట్టి ఏ ముక్క ఏ కంబడిదో పెట్టిచూస్తే కుదురుకుంటాది.

ఇది రాస్తాండాను కదా అని వాటిని తీసుకోని కుప్పానికి వస్తాననుకోవద్దు. కోసి ఇచ్చినదాన్ని మళ్లా నాది అని నలుగుర్లో వేలు పెట్టి చూపిస్తే, ఇచ్చింది ఇయ్యనట్టే. నాకు నోరు రాదు. మీ మామకూ రాదు. ఈ ఊర్లో ఎవురికీ రాదు. ఆ దొంగనాకొడుక్కి మా పద్ధతే కలిసొచ్చినాది.

ఇంకొక మాట. నువ్వు మంచోళ్లు అని రాసినావు. నేను మైకులో అదే చెప్పినా, మా పిల్లకు తెలిసినవాళ్లని. కాగితం నమ్మి కాదు అమ్మణ్ణీ, నన్ను నమ్మి ఇచ్చినారు. పాల కేంద్రానికి నేను పోయి రెండు దినాలు అయినాది. మీ మామ పోస్తాండాడు. అవ్వ ఈ పొద్దు కూడా వచ్చి అడిగినాది, జాబు వచ్చినాదా అని. దోవలో ఉందవ్వా అన్నా. అబద్ధం చెప్పేది నేనూ నేర్సుకున్నా.

అత్త

* * *

మదనపల్లె,
5 మార్చి 2001, సోమవారం.

అత్తా,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని మీ ఊరి మీదుగా వెళ్లే బస్సు కండక్టరు బైరప్ప చేతికి ఇస్తున్నాను. నన్ను తిట్టింది సబబే. దాని మీద నేనేమీ రాయను.

నీరజ వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. గురువారం సంతకు ఆ భానుప్రకాశ్ తనే జీపులో మిగిలిన మూటలు తెస్తున్నాడట. అమ్ముడుపోనివన్నీ ఆ సాయంత్రం లారీకెత్తి కృష్ణగిరికి పంపేస్తారు. రాష్ట్రం దాటాక మనకు ఇక దొరకవు.

మీ పద్ధతి నాకు ఇప్పుడే తెలిసింది. నాకు చాలా నచ్చింది కూడా. కానీ ఒకటి అడుగుతాను. మూల కోస్తే మీ చేతి నుంచి వదిలింది, సరే. ఇంకొకరి ఒంటి మీద పడేదాకా ఇవ్వడం పూర్తయినట్టేనా? ఆ కంబళ్లు ఇప్పుడు మీవి కావు. గుజరాత్ బిడ్డలవీ కాలేదు. దొంగవి మాత్రం అయ్యాయి. మీరు నాది అనకపోతే అవి వాడివే అని మీరందరూ ఒప్పుకున్నట్టు కాదా?

మనం వాటిని ఇంటికి తెచ్చుకోవద్దు. ముడులు చూపించి వాడి దగ్గర నుంచి విడిపించి, మండలాఫీసులో ఇద్దాం. అక్కడ రసీదు ఇచ్చి రైలుకెక్కిస్తున్నారు. నేను స్వయంగా వెళ్లి అడిగి వచ్చాను. ఈసారి అడిగాను.

నువ్వు రాకపోయినా గురువారం నేను వెళ్తాను. ఆ కాగితం రాసింది నేనని స్టేషన్‌లో చెబుతాను. దాంతో నాకే ముప్పు వస్తుందని నీరజ భయపడుతోంది. రానీ.

యమున

* * *

పుంగనూరు,
7-3-2001, బుధవారం పొద్దున.

అమ్మణ్ణికి,

ఇది బైరప్పకే ఇస్తాండాను. మధ్యాన్నానికి నీకు అందాల. వాడు సదువుతాడేమో, సదివితే సదవనీ.

నిన్న నీ జాబు సదివి ఏమీ తోచలేదు. సాయంత్రం అవ్వ వచ్చినాది, ఎప్పటి మాదిరి. దగ్గుతానే అడిగినాది. ఇంక నా వల్ల కాలేదు. కూసోబెట్టి అంతా చెప్పేసినా, నీ కాగితం కాడ నుంచి కుప్పం సంత దాకా. ఏడుస్తాదేమో అనుకున్నా.

ఏడవలేదు. దొడ్డి వాకిలికి కట్టిన ముడుల దిక్కు చూసినాది. “నేను మూల కోసింది ఎవురికి?” అనింది. గుజరాత్ బిడ్డకు అన్నా. “వీడికి కాదు కదా” అనింది. కాదు అన్నా. “వీడికి నేను ఇయ్యలేదే. ఇయ్యనిదాన్ని ఇయ్యలేదని చెప్పేదానికి సిగ్గెందుకే మునిరత్నా” అనింది.

అమ్మణ్ణీ, ఇంత సదువుకున్న నువ్వు పేజీ నిండా రాసినావు, ఆ ముసిలామె ఒక మాటలో తేల్చేసినాది. మీ మామ లేచిపొయ్యి వాకిటి దారం విప్పుకోనొచ్చినాడు.

ఈ పొద్దు పాల కేంద్రానికి నేనే పోయినా. మైకు లేకుండానే చెప్పినా, జరిగింది జరిగినట్టు. నన్ను ఎవురూ ఏమీ అనలేదు. నిన్ను మాత్రం ఇద్దురు ముగ్గురు అన్నారు, అది నువ్వు పడాల్సిందే. మీ మామ, నేను, ఇంకా ఆరుగురు వస్తాండాము. అవ్వ కూడా వస్తానంటాది. దగ్గు ఉండాది, వద్దంటే, “నా ముడి నేను పెట్టి చూపిస్తా, మీకు కండ్లు కనపడవు” అంటాది. ఆమెకు ఒక కన్నుకు పొర.

నీ మాటలన్నీ కట్టిపెట్టి ఫిర్యాదు తిన్నగా రాసుకోని రా. ఎవురిచ్చినారు, ఎవురు తీసకపోయినారు, యాడ ఉండాయి. ఆక్రందన వద్దు.

మీ అత్త

* * *

మదనపల్లె,
7 మార్చి 2001, బుధవారం సాయంత్రం.

అత్తా,

బైరప్ప బస్టాండులో కాచుకుని ఉన్నాడు, అందుకే నాలుగు ముక్కలే. ఉత్తరం తను చదవలేదన్నాడు. తర్వాత తనే, “ఆ అవ్వకు టికెట్టు కొట్టనులే పాపా” అన్నాడు. వద్దు, టికెట్టు నేను కొంటానని చెప్పాను.

ఫిర్యాదు రాశాను. ఒక పేజీ కూడా రాలేదు. చదివి చూసి నీరజ ఏమీ కొట్టేయలేదు. వాడి పేరు రాసే చోట ఏ విశేషణమూ పెట్టలేదు. చివర నా తప్పు కూడా రాసి సంతకం చేశాను.

రేపు పొద్దున ఇక్కడ ఐదున్నరకు కుప్పం బస్సు. నేనూ నీరజా ముందే ఎక్కి సీట్లు పట్టి ఉంచుతాం. మీరంతా పుంగనూరు బస్టాండులో ఆరున్నరకల్లా ఉండండి. అవ్వకు ఎడమవైపు కిటికీ పక్కన, పొద్దుటెండ పడే సీటు. నా శాలువ తెస్తున్నాను. ఇది ఇచ్చేది కాదనీ, బస్సు దిగేదాకా కప్పుకుని తిరిగి ఇచ్చేయాలనీ ఆమెకు ముందే చెప్పు, లేకపోతే తీసుకోదు. ముడుల దారం మామ జేబులో కాకుండా నీ చేతిలో ఉండనీ. గోవిందప్ప మామ తొమ్మిదింటికి స్టేషన్ దగ్గర ఉంటాడు. ఫిర్యాదు ఇచ్చి, పోలీసును వెంటబెట్టుకుని, సంతలో మొదట ఆ పసుపు గుడ్డ ఎత్తిద్దాం.

యమున